ఆటా చదువూ: ఏది మాన్పించాలి అని అడిగేవారికి

వడమాలపేటలో విద్యార్థులు, తల్లిదండ్రులు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం

 

క్రీడలు, చదువు అనే విషయంపై నన్ను మాట్లాడమన్నారు. నేను ఆటగాణ్ణి కాను, అధ్యాపకుణ్ణీ కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు తెలిసినది కాగితం. ఏ కాగితం ఏ తలుపు తెరుస్తుంది, ఏ కాగితం లేక మనవాళ్లు ఏ గుమ్మం దగ్గర ఆగిపోతున్నారు అన్నది ముప్ఫై యేళ్లు చూశాను. ఈ ఆటా చదువూ తగవులో సగం కాగితానికి సంబంధించినదే. కనుక మాట్లాడే అర్హత కొంత ఉన్నదనుకుంటాను.

మన ఇళ్లలో ఈ తగవు రెండు విధాలుగా తెగుతున్నది. మగపిల్లవాడు బంతి బాగా వేస్తాడని పేరు వస్తే పదో తరగతి తరువాత పుస్తకాలు అటకెక్కుతాయి. 'సిరాజ్ అంతటి వాడవుతాడు' అని తండ్రి నలుగురికీ చెప్పుకుంటాడు. ఆడపిల్ల బాగా పరుగెత్తుతుందని పేరు వస్తే డిగ్రీలో చేరిన రోజునే ఆమె బూట్లు అటకెక్కుతాయి. ఒకరికి చదువు పోతుంది, మరొకరికి ఆట పోతుంది. ఇంజనీరింగులో చేరినవానికి మాత్రం మనం ఏదీ మాన్పించనక్కరలేదు, వాడే మైదానం దారి మరచిపోతాడు.

ఈ సభ జరగడానికి కారణం మన మండలంలోని ఒక తండ్రి. ఆయన కుమార్తె తిరుపతిలో డిగ్రీ చదువుతున్నది. నాలుగు వందల మీటర్ల పరుగులో జిల్లాలో ముందున్నది. మొదటి సెమిస్టరులో రెండు సబ్జెక్టులు తప్పింది. ఆయన నన్నడిగిన మాట ఇది: 'భాయ్ సాబ్, రెండూ సాగేటట్లు లేవు. ఏది మాన్పించమంటారు?' ఆ అమ్మాయి పేరు చెప్పను. కానీ ఆ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు గనుక జవాబు నలుగురి ముందు చెప్పడం మంచిదనుకున్నాము.

నా జవాబు, రెండూ మాన్పించవద్దని. ఇది ఆశీర్వచనం కాదు, నిబంధనలు చదివి చెబుతున్న మాట. మన దేశంలో క్రికెట్ వంటి ఒకటి రెండు ఆటలను పక్కన పెడితే, బడి దాటిన పిల్లకు పై మెట్టు విశ్వవిద్యాలయమే. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ప్రతి సంవత్సరం అంతర విశ్వవిద్యాలయ పోటీలు నడుపుతుంది. మొదట కళాశాలల మధ్య పోటీ, అక్కడ గెలిస్తే విశ్వవిద్యాలయం జట్టు, ఆపైన దక్షిణ మండలం, ఆపైన అఖిల భారత స్థాయి. ఇందులో పాల్గొనడానికి 17 నుండి 25 ఏళ్ల లోపు వయసు, పూర్తికాల విద్యార్థిగా నమోదు ఉండాలి. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలకూ, ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలకూ దారి ఇక్కడి నుండే. 'ఆట కోసం చదువు మానేశాను' అన్న పిల్లవాని పేరు కళాశాల రిజిస్టరు నుండి పోతుంది. పేరు పోయిన రోజున, ఏ ఆట కోసం చదువు మానేశాడో ఆ ఆట ఆడే పోటీ కూడా పోతుంది. ఇది చాలా మంది తండ్రులకు తెలియదు. పిల్లలకు అంతకన్నా తెలియదు.

ఇక కాగితం సంగతి. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలలో క్రీడాకారుల కోటా కింద ఉద్యోగానికి నాలుగు రకాల ధ్రువపత్రాలు చెల్లుతాయి. దేశం తరఫున ఆడినవారికి జాతీయ సమాఖ్య ఇచ్చేది మొదటిది. రాష్ట్రం తరఫున జాతీయ పోటీలలో ఆడినవారికి రాష్ట్ర సంఘం ఇచ్చేది రెండవది. విశ్వవిద్యాలయం తరఫున అంతర విశ్వవిద్యాలయ పోటీలలో ఆడినవారికి ఆ విశ్వవిద్యాలయ క్రీడా విభాగాధిపతి ఇచ్చేది మూడవది. జాతీయ పాఠశాల క్రీడలలో ఆడినవారికి విద్యాశాఖ అధికారి ఇచ్చేది నాలుగవది. మూడవ ఫారం చూడండి. దేశం తరఫున ఆడనక్కరలేదు, రాష్ట్రం తరఫున కూడా ఆడనక్కరలేదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం బనియను తొడుక్కొని ఆ పోటీలలో ఆడితే ఆ కోటాలో దరఖాస్తు పెట్టుకొనే అర్హత వస్తుంది. మన రాష్ట్రం కూడా కొత్త క్రీడా విధానంలో ఉద్యోగాలలో క్రీడాకారుల వాటాను 2 శాతం నుండి 3 శాతానికి పెంచింది. ఈ వాటా అడ్డంగా వర్తిస్తుంది. అంటే, 2007 చట్టం ప్రకారం బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషను పొందుతున్న మన పిల్లలు ఆ కోటాను వదులుకోకుండానే క్రీడాకారుల వాటా కూడా అడగవచ్చు. బి.సి.-ఇలో చేరని సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాల పిల్లలకు కూడా క్రీడల వాటా వర్తిస్తుంది. ఈ ముక్క వినగానే ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు తలలెత్తారు, సంతోషం.

మన రాష్ట్రం నుండే ఒక ఉదాహరణ చెబుతాను. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి. తండ్రి కాపలాదారు, తల్లి ఇళ్లలో పనిచేసిన మనిషి. వంద మీటర్ల హర్డిల్స్‌లో మన దేశపు జాతీయ రికార్డు 2002 నుండి 13.38 సెకన్ల దగ్గర నిలిచిపోయి ఉండేది. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అంతర విశ్వవిద్యాలయ పోటీలలో ఈ అమ్మాయి 13.03 సెకన్లలో పరుగెత్తింది. పద్దెనిమిదేళ్ల రికార్డు పగిలింది. కానీ లెక్కకు రాలేదు! ఎందుకు? ఆ రోజు అక్కడ ఆమెకు ఉత్ప్రేరకాల పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేడు. పరుగు నిజమే, కాగితం లేదు. ఆమె రెండేళ్లు ఆగి 2022 మేలో సైప్రస్‌లో 13.23తో అధికారికంగా రికార్డు తన పేర వ్రాయించుకున్నది. మరుసటి యేడు బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం గెలిచింది. అదే యేడు ఆగస్టులో చైనాలోని చెంగ్డూ నగరంలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలలో 12.78 సెకన్లతో కాంస్యం గెలిచి రికార్డును మరింత తగ్గించింది. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం విద్యార్థిని కనుక ఆ మూడబిద్రి ఆమెకు దొరికింది. విద్యార్థిని కాకపోతే చెంగ్డూ కూడా దొరికేది కాదు. ఆమె మంచి పరుగులలో రెండు విద్యార్థుల పోటీలలో వచ్చినవే.

మనవాళ్లకు ఇంకా దగ్గరి పేరు నిఖత్ జరీన్. నిజామాబాదు పిల్ల. తండ్రి జమీల్ అహ్మద్ గారు సౌదీలో పదిహేనేళ్లు పనిచేసి, బిడ్డల చదువు, ఆట చూసుకోవడానికి తిరిగి వచ్చిన మనిషి. కువైటులో, సౌదీలో తండ్రులున్న ఇళ్లు మన రాయలసీమలో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. డబ్బు పంపే తండ్రి గొప్పవాడే, కానీ పక్కన నిలబడే తండ్రి అవసరం ఎంతటిదో ఆ ఇల్లు చూస్తే తెలుస్తుంది. పొట్టి దుస్తులు వేసుకొని బాక్సింగ్ ఏమిటని బంధువులు అన్నారు. ముఖానికి దెబ్బ తగిలితే పెళ్లి ఎవరు చేసుకుంటారని తల్లి దిగులు పడింది. ఆ తల్లిదండ్రులు ఆపలేదు. 2011లో టర్కీలో ఆ పిల్ల జూనియర్ ప్రపంచ విజేత అయింది. హైదరాబాదు ఎ.వి. కళాశాలలో బి.ఎ.లో చేరింది. 2015లో జలంధర్‌లో జరిగిన అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ పోటీలలో ఉత్తమ బాక్సర్‌గా నిలిచింది. 2017లో భుజం గాయంతో చాలా కాలం ఆటకు దూరమయింది. ఆ తరువాత 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత. 2022లోనే కామన్వెల్త్ స్వర్ణం, అర్జున పురస్కారం. 2021లో బ్యాంక్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగం వచ్చింది. 2024లో తెలంగాణ పోలీసు శాఖలో డి.ఎస్.పి.గా చేరింది.

అదే 2024లో సిరాజ్ కూడా తెలంగాణలో డి.ఎస్.పి. అయ్యాడు. ఆటో నడిపిన మహమ్మద్ గౌస్ గారి కొడుకు. ఆయన చనిపోయినప్పుడు బిడ్డ ఆస్ట్రేలియాలో దేశం తరఫున ఉండిపోయాడు. ఆ సంగతి తలచుకుంటే ఎవరికైనా గొంతు పట్టుకుంటుంది. కానీ ఆ నియామకంలో ఒక వివరం ఉన్నది. ఆ హోదా ఉద్యోగానికి డిగ్రీ కావాలి. సిరాజ్ ఇంటర్మీడియట్ వరకే చదివినందున ప్రభుత్వం అతని కోసం నిబంధన సడలించింది. సరైన పనే. అయితే తండ్రులారా, ఆ సడలింపు ప్రపంచ కప్పు గెలిచి వచ్చినవానికి మంత్రివర్గం ఇచ్చినది. మీ అబ్బాయి రంజీ జట్టు దాకా వెళ్లి మోకాలు దెబ్బతిని ఇంటికి వస్తే ఏ మంత్రివర్గమూ కూర్చోదు. అప్పుడు వానికి ఉండవలసినది వాని డిగ్రీ, వాని మూడవ ఫారం.

ఇదంతా ఈ కాలపు మాట, పూర్వం మన పెద్దలకు ఈ ఆలోచన లేదని అనుకోవద్దు. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం గారని ఒక బడి పంతులు ఉండేవారు. ఉస్మానియాలో చదివారు, ఉస్మానియా ఫుట్‌బాల్ జట్టుకు ఆడారు, బి.ఎ. పట్టా తీసుకొని బడులలో పాఠాలు చెప్పారు, పిదప వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. ఆయన శిక్షణలోనే హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1951లో ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ స్వర్ణం. జకార్తాలో ఫైనల్ ఆడించే నాటికి ఆయన ఊపిరితిత్తుల క్యాన్సరుతో ఉన్నారు. 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆ తరువాత ఇన్నేళ్లలో మన ఫుట్‌బాల్‌కు ఆసియా స్వర్ణం మరొకటి రాలేదు. ఆయన కుమారుడు హకీం ఒలింపిక్ జట్టులో ఉన్నారు, వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడరూ అయ్యారు. బడి పంతులు ఇంట్లో ఆటకూ చదువుకూ పేచీ రాలేదు.

ఇంకొకరు అబ్బాస్ అలీ బేగ్. హైదరాబాదు యువకుడు. 1959లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో విద్యార్థి. ఆ వేసవిలో భారత జట్టు ఇంగ్లండులో ఓడుతూ ఉన్నది, ఆటగాళ్లు గాయపడుతూ ఉన్నారు. చదువుకుంటున్న ఈ కుర్రవాణ్ణి పిలిచి మాంచెస్టరులో నాలుగో టెస్టు ఆడించారు. ఇరవై యేళ్ల వయసు. తలకు బంతి తగిలి మైదానం వదలి, తిరిగి వచ్చి 112 పరుగులు చేశాడు. మొదటి టెస్టులోనే శతకం! మరి ఏడాదిన్నరకే పాకిస్తాన్‌తో జరిగిన సిరీస్‌లో నాలుగు ఇన్నింగ్స్ విఫలమైతే, ముస్లిం కనుక కావాలనే ఔటయ్యాడని విషం చిమ్ముతూ ఉత్తరాలు వచ్చాయి. జట్టు నుండి తొలగించారు. మళ్లీ టెస్టు ఆడడానికి ఆరేళ్లు పట్టింది. 2021లో మహమ్మద్ షమీకి ఫోనులలో వచ్చినదీ అదే. ఉత్తరం పోయి ఫోను వచ్చింది గాని వ్రాసేవాని బుద్ధి మారలేదు. నేను ఇక్కడ ఈ సంగతి ఎందుకు తీశానంటే, మన బిడ్డ మైదానంలోకి దిగినప్పుడు ఒక్క ఓటమికి ఇతరులకన్నా ఎక్కువ మూల్యం చెల్లించవలసి రావచ్చు. బేగ్ మాత్రం ఆ సమయంలోనూ ఆక్స్‌ఫర్డులో విద్యార్థే. 1962 వరకు ఆ విశ్వవిద్యాలయం జట్టుకు ఆడుతూనే ఉన్నాడు. దేశపు జట్టు తలుపు మూసుకున్న రోజున నిలబడడానికి అతనికి మరొక నేల ఉన్నది. ఆ మరొక నేల మన పిల్లలకూ ఉండాలి. వివక్ష పోయేదాకా పోరాడదాము, కాని పోయేదాకా కూర్చోలేము గదా.

సచార్ కమిటీ 2006లో నివేదిక ఇచ్చినప్పుడు ఇరవై యేళ్లు దాటిన ముస్లింలలో డిగ్రీ లేక డిప్లొమా ఉన్నవారు నూటికి నలుగురు కూడా లేరని తేల్చింది. దేశం మొత్తం మీద ఆ లెక్క నూటికి ఏడుగురు. ఆ నలుగురిలో ఒకరిని ఆట పేరుతో తగ్గించుకొనే స్తోమత మనకు లేదు. అలాగే మైదానాలలో మన ఆడపిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వారిలో ఒకరిని చదువు పేరుతో ఇంటికి పిలిపించుకొనే స్తోమత కూడా లేదు.

సరే, ఎలా సాగించాలి? ఆ తండ్రి అన్నట్లు సాగేటట్లు లేకపోవడం అబద్ధం కాదు. అన్నిటికన్నా ముందు చిక్కు హాజరు. కళాశాలలలో సాధారణంగా 75 శాతం హాజరు కావాలి. పోటీలకు వెళ్లిన రోజులు గైర్హాజరుగా పడతాయి. నాకు తెలిసిన ఒక కుర్రవాడు విశ్వవిద్యాలయం జట్టుతోనే పోటీలకు వెళ్లి వచ్చాడు. అతని కళాశాల హాజరు చాలదని హాల్ టికెట్ ఆపింది. విశ్వవిద్యాలయం పంపినవాణ్ణి ఆ విశ్వవిద్యాలయపు పరీక్షకే రానివ్వలేదన్నమాట! మేము నలుగురం వెళ్లి మాట్లాడితే పరీక్ష ముందు రోజు సాయంత్రం చేతికిచ్చారు. ఆ రాత్రి వాడేమి చదివి ఉంటాడు?

కాబట్టి పని ముందే జరగాలి. వెళ్లే ముందు ప్రిన్సిపాలుకు దరఖాస్తు పెట్టండి. జట్టులో పేరున్న ఎంపిక ఉత్తరువు నకలు జతచేయండి. 'ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు విశ్వవిద్యాలయ పని మీద వెళుతున్నాను, ఈ దినాలను ఆన్ డ్యూటీగా పరిగణించ ప్రార్థన' అని వ్రాయండి. నోటితో చెప్పి 'సారు సరేనన్నారు' అని వెళ్లిపోకండి, సారు బదిలీ అవుతారు. రెండు ప్రతులు తీసి, ఒకదానిపై కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకొని ఇంట్లో పెట్టుకోండి. తిరిగి రాగానే పాల్గొన్న ధ్రువపత్రం నకలు ఇచ్చి రిజిస్టరులో దిద్దించండి. ఇంటర్నల్ పరీక్ష తప్పితే మళ్లీ పెట్టమని అప్పుడే, వ్రాతపూర్వకంగా అడగండి. సెమిస్టరు చివర అడిగితే ఎవరూ వినరు. ముద్ర పడిన కాగితం ముందు గట్టిగా మాట్లాడే అధికారిని నేను నా సర్వీసులో తక్కువగానే చూశాను.

రెండవ చిక్కు కాలం. ఆ అమ్మాయి దినచర్య కాగితంపై వేయించాను. తెల్లవారుజామున లేచి మొదటి బస్సు. వడమాలపేట నుండి తిరుపతి సుమారు పాతిక కిలోమీటర్లు. రేణిగుంట దాటేదాకా ఒక తీరు, దాటాక ఒక తీరు. రెండు గంటల సాధన, తరువాత తరగతులు, సాయంత్రం మళ్లీ సాధన, మళ్లీ బస్సు. ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. తిని పుస్తకం తీస్తే పది. నిద్ర అయిదు గంటలు. లెక్క చూస్తే ఆమె చదువును తింటున్నది ఆట కాదు, బస్సు! రోజుకు మూడు గంటలు ప్రయాణానికీ, ఎదురుచూపుకూ పోతున్నాయి. హాస్టలులో చేర్పిస్తే ఆ మూడు గంటలు తిరిగి వస్తాయి. పంపడం ఇష్టం లేకపోతే వారంలో నాలుగు రోజులు ఉదయపు సాధన మన ఉన్నత పాఠశాల మైదానంలోనే చేసి, రెండు రోజులు తిరుపతికి వెళ్లవచ్చు. శిక్షకుణ్ణి అడిగితే ఆ నాలుగు రోజులకు ఏమి చేయాలో వ్రాసి ఇస్తాడు. పరీక్షలకు ముందు మూడు వారాలు సాధన తగ్గించాలి, పోటీలకు ముందు మూడు వారాలు చదువు తగ్గించాలి. రెండూ ఒకే వారంలో పడితే ఏదో ఒక సబ్జెక్టు సప్లిమెంటరీకి వదలాలి. సప్లిమెంటరీ అంటే పరువు పోయినట్లు బాధపడతారు మనవాళ్లు. ముందే ఆలోచించి వదిలిన సబ్జెక్టు వేరు, తప్పిన సబ్జెక్టు వేరు. రమజాను ప్రతి యేడు పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. అది ఏ పరీక్షల మీద పడుతుందో, ఏ పోటీల మీద పడుతుందో క్యాలెండరు చూసి సంవత్సరం ముందే తెలుసుకోవచ్చు. హ్యూస్టన్ విశ్వవిద్యాలయం నుండి వచ్చిన బాస్కెట్‌బాల్ ఆటగాడు హకీం ఒలాజువాన్ ఉపవాసాలుంటూనే అమెరికాలో అగ్రశ్రేణి పోటీలు ఆడాడు. అతనికి అది కుదిరింది. అందరికీ కుదరాలని లేదు. డాక్టరునూ శిక్షకుణ్ణీ అడిగి ఆ నెల సాధన ఏ వేళకు మార్చాలో చూసుకోండి.

గాయం గురించి ఒక మాట. పక్కనే పుత్తూరు ఉంది గనుక మనకు ఎముకల గురించి భయం తక్కువ. దేశం నలుమూలల నుండి కట్టు కట్టించుకోవడానికి అక్కడికి వస్తారు. అయితే భుజం కీలు, మోకాలి లోపలి నరం వంటి ఆటగాళ్ల గాయాలకు స్కానింగ్ తీయించి, తగిన డాక్టరుకు చూపించి, తరువాత నెలల తరబడి వ్యాయామ చికిత్స చేయించాలి. నిఖత్‌కు పట్టినంత కాలం పడుతుంది. ఆ నెలలలో పిల్ల గోడవైపు చూస్తూ పడుకోకుండా ఉండాలంటే చేతిలో ఒక పుస్తకం, ముందు ఒక పరీక్ష ఉండడం మంచిది.

తల్లులు లేవకుండా కూర్చుంటే దుస్తుల సంగతి కూడా చెబుతాను. ఇది అడగడానికి మొహమాటపడుతున్నారని తెలుసు. ఫుట్‌బాల్‌లో తల కప్పుకోవడానికి ప్రపంచ సమాఖ్య 2014లో అనుమతించింది, బాస్కెట్‌బాల్‌లో 2017లో, బాక్సింగ్‌లో 2019లో. అమెరికాలో ఇబ్తిహాజ్ ముహమ్మద్ అనే కత్తిసాము క్రీడాకారిణి డ్యూక్ విశ్వవిద్యాలయంలో పట్టా తీసుకొని, హిజాబుతోనే 2016 రియో ఒలింపిక్స్‌లో జట్టు కాంస్యం గెలిచింది. కత్తిసాములో దుస్తులు ఒళ్లంతా కప్పుతాయి గనుకనే ఆమె తల్లి ఆ ఆట ఎంచింది. మన నిఖత్ వేరే విధంగా ఆడింది. ఎవరి ఇంటి నిర్ణయం వారిది. కానీ 'మన దుస్తులతో కుదరదు' అన్నది మాత్రం ఇప్పుడు చెల్లదు. కర్నూలు బిడ్డ షేక్ జఫ్రీన్ వినికిడి లోపంతోనే టెన్నిస్ ఆడి, 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం తెచ్చింది. కర్నూలులో కుదిరినది చిత్తూరు వైపు కుదరదా?

డబ్బు. బూట్లు, గుడ్లు, పాలు, బస్సు పాసు, ప్రవేశ రుసుము. ఖేలో ఇండియాకు ఎంపికైన పిల్లలకు నెలకు 10,000 రూపాయల ఖర్చుల భత్యం ఉన్నది, కాని అక్కడి దాకా చేరే ముందరి మూడేళ్లే కష్టం. పెళ్లి మండపం దీపాలకు మనం పెట్టే ఖర్చులో నాలుగో వంతు ఒక పిల్ల సంవత్సరపు బూట్లకూ తిండికీ సరిపోతుంది. ఈ మాట ఎవరికైనా గుచ్చుకుంటే గుచ్చుకోనీయండి. మసీదు కమిటీ పెద్దలు ఈ సభలోనే ఉన్నారు, నేను వారితో విడిగా మాట్లాడాను, వారు కాదనలేదు.

ఇప్పటికే చదువు వదిలేసిన కుర్రవాళ్లు కూడా నిరాశపడనక్కరలేదు. ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల దాకా పూర్తి చేయవచ్చు. ఉర్దూ వచ్చినవారికి హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్య ఉన్నది. కాని ముందు చెప్పినది మరవకండి: అంతర విశ్వవిద్యాలయ పోటీలు పూర్తికాల విద్యార్థులవి. వయసు ఉన్నవారు, కాళ్లలో పరుగు ఉన్నవారు రెగ్యులర్ సీటుకే ప్రయత్నించండి. దూరవిద్య వయసు దాటినవారికీ, క్రికెట్‌లో శిబిరాల వెంట తిరిగేవారికీ.

మన పిల్లలందరూ నిఖత్‌లు కారు. నూరుమందిలో ఒకరు రాష్ట్రానికి ఆడితే గొప్ప. మిగిలిన తొంభై తొమ్మిది మంది వ్యాయామ ఉపాధ్యాయులుగా, రైల్వేలో, పోలీసులో, బ్యాంకులో, లేదా తమ ఊళ్లో తమ దుకాణంలో ఉంటారు. వారి పిల్లలను మైదానానికి తీసుకువెళ్లేది వారే. రహీం గారు కూడా బడి పంతులుగానే మొదలుపెట్టారు.

ఆ తండ్రితో నిన్న మాట్లాడాను. హాస్టలుకు ఇంకా ఒప్పుకోలేదు, ఆట మాన్పించడం మాత్రం ఈ సెమిస్టరు చివరి దాకా వాయిదా వేశాడు. తప్పిన రెండు సబ్జెక్టులు చెప్పడానికి మన ఊరి టీచరమ్మ ఒకరు ముందుకు వచ్చారు. ఇతర పిల్లలు కూడా ఉంటే అక్కడికే రావచ్చు, ఆడపిల్లలకు ఉదయం, మగపిల్లలకు సాయంత్రం.

వచ్చే ఆదివారం అసర్ నమాజు తరువాత నేను ఇక్కడే ఉంటాను. దరఖాస్తు నమూనాలు తెలుగులో, ఇంగ్లీషులో వ్రాసి పెట్టాను. కుల ధ్రువపత్రం, పదో తరగతి మార్కుల జాబితా, బోనఫైడ్, ఆధార్, ఇంతవరకు ఆడిన పోటీల సర్టిఫికెట్లు, ఒక్కొక్కటి మూడు జిరాక్సులు తీసి తెచ్చుకోండి. ఒరిజినల్స్ చూపించడానికి మాత్రమే తెండి, ఎవరికీ ఇవ్వకండి, నాకు కూడా.